సరిహద్దు అవతల కొన్న కారు - ఇవతలే అందే న్యాయం

మన సరిహద్దు గ్రామాలకు దొడ్డబళ్ళాపురం పరాయి ఊరు కాదు. మగ్గాల పనికీ, బంధుత్వాలకూ హిందూపురం, గౌరిబిదనూరుల మీదుగా నిత్యం రాకపోకలు సాగుతూనే ఉంటాయి. పాత కార్ల బేరాలదీ అదే దారి. బేరంనాడు “ఇంజనుకు నాదీ పూచీ” అన్న వ్యాపారే, రెండు నెలలకు ఇంజను సీజై బండి నిలిచిపోతే “పాత బండికి గ్యారంటీ ఏమిటి?” అంటాడు. పొరుగు రాష్ట్రంలో వ్యాజ్యం నడపలేమని మనవారు నష్టాన్ని దిగమింగుకుంటారు. ఆ అవసరం ఇప్పుడు లేదు.

1986 నాటి చట్టం ప్రకారం వ్యాపారి ఉన్నచోటనో, వివాదానికి కారణం ఏర్పడిన చోటనో ఫిర్యాదు చేయవలసి ఉండేది. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం, కొనుగోలుదారు నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదుకు వీలు కల్పించింది. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకుంటే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటినుండి 2 సంవత్సరాలు గడువు. స్వయంగా బాడుగకు నడుపుకొని జీవించేవారికీ ఈ రక్షణ వర్తిస్తుంది.

అయితే ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, అమ్మినదెవరన్నది. వ్యాపారివద్ద కొన్నప్పుడే ఈ చట్టం వర్తిస్తుంది. సొంత కారు అమ్ముకున్న వ్యక్తిపై సివిల్ కోర్టుకే వెళ్ళాలి. రసీదులో వ్యాపారి పేరు లేకుండా యజమాని పేరుతోనే కాగితాలు నడిపితే చిక్కు ఇక్కడే వస్తుంది. పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖనుండి అధికార పత్రం పొందాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1నుండి ఉన్నది. దానిని చూపమనడానికి మొగమాటపడనక్కరలేదు. తయారీ కంపెనీని ఊరికే ప్రతివాదిగా చేర్చినా ఫలితముండదు. గోవాలో 2009 నాటి కారును 2011లో కొత్తదిగా అమ్మిన కేసులో, డీలరు తప్పును సరైన ఆధారం లేకుండా కంపెనీకి అంటగట్టలేమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

రెండవది, లోపమంటే ఏమిటన్నది. పాత ఇంజను అరుగుదల సహజం. వ్యాపారి చెప్పిన ప్రమాణానికి బండి తగ్గినదని చూపగలిగితేనే అది లోపమవుతుంది. కనుక తిరిగిన కిలోమీటర్లు, ఇంజను స్థితి, పూచీ ఎన్ని నెలలన్నది రసీదుపై రాయించుకోవాలి. కన్నడ లిపి మన లిపిని పోలి ఉన్నదని చదవకుండా సంతకం చేయరాదు. “ఇరువ స్థితియల్లి” అని అందులో ఉంటే, ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకొని కొన్నామని అర్థం. ఆ రెండు మాటలు మన వాదాన్ని బలహీనపరుస్తాయి.

బండి చెడినవెంటనే ఇంజను విప్పించకండి. విప్పితే “మీరే పాడుచేశారు” అన్న మాట సిద్ధంగా ఉంటుంది. ముందు ఫొటోలు తీసి, మెకానిక్కుచేత కారణం రాయించి, వ్యాపారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. సలహా కావాలంటే 1915 నంబరు ఉన్నది.

సాంకేతిక పరీక్ష అవసరమైన కేసులను 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో జాప్యం తప్పడంలేదు. అయినా న్యాయం మన జిల్లాకే వచ్చింది. దానిముందు నిలబెట్టవలసిన కాగితం మాత్రం బేరంనాడే మన చేతికి రావాలి.