షౌక్‌కి వేలు, బ్రేక్ గొట్టానికి బహానాలు

పోయిన వారం జిద్దా నుంచి మా ఖాలా కొడుకు ఫోటోలు పంపిండు. 1983 నాటి ల్యాండ్ క్రూజర్ పికప్, ఎఫ్‌జె45. ఈ ఖాందాన్ పికప్‌లని అక్కడి అరబ్బులు ‘షాస్’ అంటారు. ఛాసిస్ అనే మాట అరబ్బీ నోట్లో పడి అట్లా అయింది. కొత్త కమాన్ కట్టలు వేయించి బండిని నాలుగు అంగుళాలు లేపించిండు. “కైసా హై భాయిజాన్?” అని అడిగిండు.

ఖూబ్‌సూరత్‌గా ఉంది, ఝూట్ ఎందుకు చెప్పాలి? కానీ ఒక ఫోటోలో బండి జాకీ మీదుంది, ముందు చక్రం కిందికి వేలాడుతోంది. దాని వెనక బ్రేక్ రబ్బరు గొట్టం సితార్ తీగలా బిగిసిపోయి ఉంది.

“హోస్‌లు మార్చలేదా?” అన్నాను.

“పాతవే చాలుతయన్నడు సనాయ్యాలో ఉస్తాద్. నెల రోజులైంది, కుఛ్ నహీ హువా.”

ఈ ‘కుఛ్ నహీ హువా’ మీదే నా ఏతరాజ్.

మా అబ్బా హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లు జీపులు బాగుచేసిండు. ఉర్దూ మీడియం స్కూల్ నుంచి రాగానే నేను ఆయనకి పానాలు అందించేవాణ్ని. దుకాణంలో ఒక మేకుకి తెగిన బ్రేక్ హోస్ వేలాడుతుండేది. ఎత్తు పెంచిన ఒక జీపుది. గుంతలో చక్రం కిందికి జారినప్పుడు నట్టు దగ్గర పుటుక్కుమంది. డ్రైవర్ చెయ్యి విరిగింది, జాన్ దక్కింది. ఎవరైనా ఖర్చు గురించి బహస్ చేస్తే అబ్బా మాట్లాడకుండా ఆ మేకు వైపు చూపించేవాడు.

అసలు మామ్లా ఇది. ఛాసిస్ మీద బ్రేక్ ఆయిల్ ఇనుప పైపులో పోతుంది. చక్రాలు కమాన్ కట్టల మీద పైకీ కిందికీ ఆడతాయి కాబట్టి ఆ మధ్య ఫాస్లాలో రబ్బరు గొట్టం ఉంటుంది. ఛాసిస్‌ని లేపితే ఫాస్లా పెరుగుతుంది, గొట్టం పెరగదు. బండి చదును నేల మీదున్నప్పుడు అది ఢీలాగానే కనిపిస్తుంది. అదే ధోకా. చక్రం గాలిలో వేలాడినప్పుడే హకీకత్ తెలుస్తుంది.

కాబట్టి కొలత తీసేది కూడా అప్పుడే. ఛాసిస్‌ని లేపి, స్టాండ్ల మీద పెట్టి, చక్రాల్ని పూర్తిగా వేలాడనివ్వాలి. స్టీరింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాలి. ఆ హాలత్‌లో కూడా గొట్టంలో కొంచెం వంపు మిగలాలి. వెనక యాక్సిల్ గొట్టాన్ని మరిచిపోవద్దు. అందరూ మరిచేది దాన్నే.

అయితే అన్నిటికంటే పొడుగుదే బెహతర్ అనుకోవడం ఇంకో గల్తీ. ఎక్కువైన గొట్టం టైరుకి రాసుకుంటుంది, కమాన్ కట్టల మధ్య నలుగుతుంది. చక్రం పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడు ఎక్కడ తగులుతుందో కూడా చూసి తీరాలి.

స్టీలు జాలీ గొట్టమా, మామూలు రబ్బరా? జాలీది ఒత్తిడికి తక్కువ ఉబ్బుతుంది, పెడల్ గట్టిగా తగులుతుంది. కానీ లోపలి ఖరాబీని జాలీ దాచేస్తుంది, రాసుకున్న ఇనుమునీ కోస్తుంది. నన్నడిగితే, ప్రమాణాల ముద్ర ఉన్న, సరైన పొడవు రబ్బరు గొట్టం చాలు. ముద్ర లేని జాలీ కంటే అదే నయం.

మరలు కూడా చూసుకోవాలి. టొయోటా పైపు నట్లు 10 మిల్లీమీటర్లవి, పాత అమెరికన్ బండ్లలో చాలావాటికి 3/8 అంగుళాలవి. కంటికి ఒకేలా ఉంటాయి. జబర్దస్తీగా బిగిస్తే మర చెడి ఆయిల్ కారుతుంది. రాగి వాషర్లున్న చోట కొత్తవే వేయాలి, చివర్లో గాలంతా తీసేయాలి. కొన్ని జపాన్ పికప్‌లలో వెనక బరువుని బట్టి బ్రేకుని తగ్గించి పెంచే వాల్వ్ ఉంటుంది. బండిని లేపితే అది ట్రాలీ ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుని కమ్జోర్ చేస్తుంది. దాన్నీ సర్దాలి.

స్ప్రింగులు, టైర్లు, లైట్లకి రియాళ్లు లెక్కపెట్టకుండా పోసినవాళ్లకి ఈ గొట్టాల దగ్గరే కిఫాయత్ గుర్తొస్తుంది. అవి ఫోటోలో కనపడవు కదా! ఉస్తాద్‌లది కూడా ఖసూర్ ఉంది. బండి ఇచ్చేముందు గ్రాహక్‌కి ఈ ఒక్క మాట చెప్పడం వాళ్ల జిమ్మేదారీ.

మావాడు వచ్చే నెల బచ్చేలతో తాయిఫ్ పోతానంటున్నడు. అల్ హదా ఘాట్ మీద నుంచి మక్కా వైపు దిగొస్తుంటే మలుపు మీద మలుపు. అక్కడ పెడల్ మెత్తబడితే ‘కుఛ్ నహీ హువా’ అనేవాడు మిగలడు.

“ముందు టేపు పెట్టి కొలిచి ఫోటో పంపు, తర్వాత తాయిఫ్ బాత్” అన్నాను. “పంపుతా భాయిజాన్” అన్నడు. నాలుగు రోజులైంది. ఈ రాత్రి మళ్లీ ఫోన్ చేస్తాను.