తెరమీది ప్రయోగశాల

శాస్త్రగణితముల బోధనకై 750 వర్చువల్ ప్రయోగశాలలను నెలకొల్పుదుమని కేంద్రప్రభుత్వమువారు 2022 వ సంవత్సరపు బడ్జెటు ప్రసంగమున ప్రకటించిరి. విద్యార్థులందరికిని ప్రయోగానుభవము సమానముగా కలుగుటకు ఈ సాధనమే తోడ్పడునని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. అమృత విశ్వవిద్యాపీఠమును, ముంబయి సీడాక్ సంస్థయు గలిసి నిర్మించిన ఓల్యాబ్స్ తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతివరకు గల పాఠములకు ఏర్పడినది. ఆమ్లపు సీసా నెన్నడును తాకని బాలుడు తెరమీద బ్యూరెట్టు త్రిప్పి, క్షారమెంత పట్టినదో లెక్కవేయగలుగుచున్నాడు.

దీనివలని మేలును మేము కాదనము. నలువదిమంది పిల్లలున్న గదిలో క్లోరిన్ వాయువును విడుచుట తెలివిగల పని గాదు. దానిని తెరపై జూపుటయే యుక్తము. ప్రయోగమునకు ముందటిదినమున అభ్యాసము చేయించుటకును ఇది మిక్కిలి యుపకరించును. చెడిన పదార్థమును పారబోయు ఖర్చును లేదు.

అయినను తెర తనకు నేర్పినదానినే మరల జూపును. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ పాదరసముపై పలుచని నైట్రిక్ ఆమ్లమును పోసియుంచగా, ఆయన తలంపని పసుపుపచ్చని స్ఫటికము లేర్పడినవి. 1896 లో లోకమునకు వెల్లడియైన మెర్క్యురస్ నైట్రైటు అదియే. ముందుగా నెవరును వ్రాసిపెట్టని ఆ పసుపురంగును ఏ తెర చూపగలదు? అంతదూరమేల? ఫినాఫ్తలీన్ కలిపిన ద్రావణము లేతగులాబి రంగునకు తిరుగువేళ బాలుని వ్రేళ్లు తడబడును. ఒక్కబొట్టు హెచ్చైన రంగు ముదురును, లెక్క తప్పును. ప్రక్కవాని లెక్కతో తన లెక్క పొసగనపుడే కొలతయన నేమో వానికి బోధపడును.

మిత్రుని రికార్డు పుస్తకమును జూచి వ్రాసి మార్కులు పొందు నాచారము మనలో క్రొత్తది గాదు. తెర రాకపూర్వమే ప్రయోగము కాగితముమీదికి పోయినది!

మా భయమెల్ల నొక్కటియే. పల్లెటూరి ఉన్నతపాఠశాలవారు గదియు, నీటికుళాయియు, గాజుసామానును కోరినపుడు, "తెర నిచ్చితిమిగదా" యను ప్రత్యుత్తరము వచ్చునేమో! జీతము గట్టగలవారి బిడ్డలకు ఆమ్లము, లేనివారి బిడ్డలకు ఆమ్లపు బొమ్మ యగునెడల విద్యావిధానము చెప్పిన సమానత్వ మెక్కడిది? పాఠశాలల తనిఖీకి పోవు అధికారులు కంప్యూటర్ల లెక్కతోబాటు బ్యూరెట్ల లెక్కయు వ్రాసికొనవలెను. ప్రయోగశాల సహాయకుని కొలువు ఖాళీగా నుంచరాదు. మా చదువరులును తమ యూరి పాఠశాలకు పోయి, ప్రయోగశాల తాళము కడపట నెన్నడు తీసిరో విచారింతురుగాక.