థియేటర్ ఆర్గాన్, మన కీబోర్డు

మూకీ చిత్రాల కాలంలో అమెరికా థియేటర్ల కోసం వుర్లిట్జర్ కంపెనీ పైపు ఆర్గాన్లు తయారుచేసేది. 1927 తర్వాత టాకీలు రావడంతో వాటికి పని తప్పింది. కొన్ని చర్చిలకు చేరాయి.

జగ్గయ్యపేట, నందిగామ సంఘాల్లో మనకు ఆర్గాన్ అంటే హార్మోనియమే. అదీ పద్యనాటకాల్లో మోగిన వాద్యమే! ఇప్పుడు కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వచ్చాయి. ఆరాధనలోకి సినిమా బీటు వచ్చిందని కొందరు విశ్వాసులు నొచ్చుకుంటున్నారు. తంబురను, తాళాలను కూడా స్తుతికి పిలిచిన 150వ కీర్తన చదివే మనం వాద్యం పుట్టుక చూసి తగవు పడనక్కర్లేదు.

మా బెంగ వేరు. చందాలెత్తి కొన్న స్పీకర్ల హోరులో, పుస్తకం చూడకుండా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడే ముసలమ్మల గొంతు వినబడడం లేదు. మొన్నొక ఆదివారం కరెంటు పోయింది. వెనుక నుంచి ఒకామె చరణం అందుకుంది, సంఘమంతా కలిసింది. కరెంటు వచ్చినా కీబోర్డు కుర్రాడు స్విచ్ వేయలేదు.