చెల్లెలి భాగమేది?



2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైన తరువాత మా ముత్తుకూరు పక్క భూమి ధర పెరిగింది, అన్నదమ్ముల మధ్య మాట తగ్గింది. ఒక ఇంట తండ్రి చనిపోగా తమ్ముడు కువైట్ నుండి వచ్చాడు. "పదేళ్లు డబ్బు పంపాను, లెక్కేది?" అన్నాడు. "నాన్న మంచాన పడితే చూసిందెవరు?" అన్నాడు అన్న. తీర్పు చెప్పమని ఇద్దరూ నా దగ్గరకు వచ్చారు.

లూకా 12వ అధ్యాయంలో ఒకడు ఇలాగే అడిగితే ప్రభువు ఆస్తి పంచలేదు, లోభాన్ని గూర్చి హెచ్చరించాడు. నేనూ పంచలేదు. "అమ్మ భాగమేది? చెల్లెలి భాగమేది?" అని మాత్రం అడిగాను. ఇద్దరూ తల దించుకున్నారు.

1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో భార్యకు మూడవ వంతు. మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. కట్నమిచ్చామంటే ఆ హక్కు పోదు.

తండ్రులారా, బ్రతికుండగానే వీలునామా రాయించండి. గల్ఫ్‌ నుండి వచ్చే ప్రతి రూపాయికీ లెక్క రాసి ఉంచండి.

ఆ ఇంట పంపకం ఇంకా తేలలేదు. కాని చెల్లెలికి కబురు పంపారు. ముగ్గురూ తల్లి ఎదుట ఒకే చాప మీద కూర్చున్నారు. ముందు నీవే కోరుకొమ్మని అబ్రాము లోతుతో అన్నాడు. మీ ఇంట ఆ మాట ముందు ఎవరు అంటారు?

ప్రభువు మీ గృహములకు సమాధానము దయచేయును గాక. ఆమేన్.