గడువు వాళ్లకూ ఉంది

అమెరికాలో ఉద్యోగం పోయిన తెలుగువాడు ఆ వారంలో చేసే పనులకు ఒక వరుస ఉంటుంది. ముందు రెజ్యూమె దుమ్ము దులుపుతాడు. పాత మేనేజర్లకు మెసేజీలు పెడతాడు. ఇండియాలో అమ్మానాన్నలకు చెప్పకూడదని మొగుడూ పెళ్లాం ఒక మాట అనుకుంటారు. మార్ట్‌గేజ్, డేకేర్ లెక్కలు వేసుకుంటారు. అన్‌ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్ వేయడం ఈ వరుసలో చిట్టచివర వస్తుంది, కొందరికైతే అసలు రాదు. "మనకేం ఖర్మ, గవర్నమెంటు డబ్బు తినడానికి!" అనే మాట గ్రీన్‌కార్డు వచ్చి పదేళ్లు దాటిన ఇళ్లలోనూ విన్నాను.

అది దానం అయితే ఆ మాటకు అర్థం ఉండేది. అది బీమా. ప్రతి ఉద్యోగి పేరు మీదా యజమాని అటు ఫెడరల్ ప్రభుత్వానికీ ఇటు రాష్ట్రానికీ పన్ను కడతాడు. ఫెడరల్ వాటా ఏడాది జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద 6 శాతం. రాష్ట్రం పన్ను సక్రమంగా కట్టినవాళ్లకు తగ్గింపు పోను మామూలుగా 0.6 శాతమే మిగులుతుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కాలలో ఉద్యోగి జీతంలోంచి కూడా కోస్తారు. ఎడిసన్‌లో ఉన్నవాళ్లు ఒకసారి పే స్టబ్ తీసి చూసుకోండి, ఆ కోత కనిపిస్తుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ల జీతంలోనూ అది ఉంటుంది. కానీ ఉద్యోగం పోతే వాళ్లకు పైసా రావడం కష్టం. ఏ యజమాని దగ్గరైనా వెంటనే చేరగల స్థితిలో ఉండాలని రాష్ట్రాలు షరతు పెడతాయి, వీసా ఏమో ఒకే యజమానికి కట్టేసి ఉంటుంది. వాళ్లకు మిగిలేది 60 రోజుల గ్రేస్ పీరియడ్. కట్టించుకునేటప్పుడు అడ్డురాని వీసా ఇచ్చేటప్పుడు అడ్డొస్తుంది. దీన్ని అన్యాయం అనడానికి నాకేమీ మొహమాటం లేదు. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, ఎవరి దగ్గరైనా పనిచేయగల ఈఏడీ ఉన్నవాళ్లకు మాత్రం ఈ అడ్డు లేదు. నేనిక చెప్పేది వాళ్ల సంగతే.

సిగ్గుపడి ఆగితే పోయేది మన డబ్బే. లేఆఫ్ అయిన తేదీ ఏదైనా, చాలాచోట్ల క్లెయిమ్ వేసిన వారం ఆదివారం నుంచే లెక్క మొదలవుతుంది. తగిన కారణం చూపితే వెనక్కి జరిపే వీలు ఉంటుంది కానీ, మొహమాటపడ్డాననేది ఆ కారణాల్లోకి రాదు.

సరే, వేశారు. ఇక ఎదురుచూపులు. ఇక్కడ మనవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. గడువులు మనకే కాదు, వాళ్లకూ, అంటే రాష్ట్రాలకూ, ఉన్నాయి. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం నిరుద్యోగ భృతి రావలసినప్పుడు పూర్తిగా ముట్టాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది. దాన్నిబట్టి ఫెడరల్ కార్మిక శాఖ ఒక కొలత పెట్టింది. మొదటి చెల్లింపుల్లో కనీసం 87 శాతం, డబ్బు రావలసిన మొదటి వారం ముగిసిన 14 రోజుల్లో అందాలి. వెయిటింగ్ వీక్ (డబ్బు ఇవ్వని మొదటి వారం) లేని రాష్ట్రాలకైతే 21 రోజులు. 1971లో సుప్రీంకోర్టు జావా అనే కేసులో ఇంకో అడుగు వేసింది. అర్హత ఉందని తేలిన మనిషికి, యజమాని అప్పీలు చేశాడనే కారణంతో డబ్బు ఆపకూడదంది. జీతం ఆగిన మనిషికి ఆ డబ్బు అవసరం ఆ వారాల్లోనే గానీ ఆర్నెల్ల తర్వాత కాదు. కోర్టు చూసింది కూడా అదే.

మరి డబ్బు ఎక్కడ ఆగుతుంది? అర్హత చూసేటప్పుడు ముగిసిన చివరి ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగింటి జీతమే మామూలుగా లెక్కపెడతారు. మే నెలలో క్లెయిమ్ వేస్తే మొన్నటి జనవరి–మార్చి జీతం లెక్కలోకి రాదు, అంతకుముందు క్యాలెండరు సంవత్సరం చూస్తారు. డాలస్ నుంచి షార్లెట్‌కు మారిన ఏడాదే ఉద్యోగం పోతే రెండు రాష్ట్రాల జీతాలూ కలపాలి, ఆ కాగితాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడవాలి. కన్సల్టెన్సీల ద్వారా పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కు. ప్రాజెక్టు అయిపోయింది, జీతం ఆగింది, యజమాని మాత్రం "తీసేయలేదు, బెంచ్ మీద ఉన్నాడు" అంటాడు. ఇద్దరి మాటా కలవకపోతే ఫైలు విచారణాధికారి ముందుకు వెళ్తుంది, అక్కడి నుంచి వారాలు. యజమాని ఊరికే అడ్డం తిరగడు. అతను తీసేసినవాళ్లు భృతి తీసుకున్నకొద్దీ అతను రాష్ట్రానికి కట్టే పన్ను రేటు పెరుగుతుంది. క్లెయిములను ఎదిరించిపెట్టడమే వ్యాపారంగా పెట్టుకున్న సంస్థలు కూడా ఉన్నాయి.

ఇక మన పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పేరోల్‌లో పొడి అక్షరం, సోషల్ సెక్యూరిటీ రికార్డులో ముందుపేరు వెనక, వెనకపేరు ముందు. కంప్యూటర్‌కు ఈ ముగ్గురూ ఒకరే అని తోచదు. పౌరులు కానివాళ్ల స్టేటస్‌ను ఫెడరల్ డేటాబేస్‌తో సరిచూస్తారు. అక్కడ పొంతన కుదరకపోతే మనిషి చేతికి వెళ్లాలి. గుర్తింపు కాగితాలు అడుగుతూ వచ్చిన మెయిల్ స్పామ్ ఫోల్డర్లో పడి ఉండగా గడువు దాటిపోయిన కేసులు తక్కువేమీ కావు.

ఇవన్నీ నిజమే అయినా, ఆలస్యం మొత్తం వీటి వల్లే అనుకోవడం అమాయకత్వం. ఫ్లోరిడా సంగతి చూడండి. 2011లో అక్కడి శాసనసభ భృతి వారాలను కోసింది. నిరుద్యోగం తక్కువగా ఉంటే ఇప్పుడు 12 వారాలే. వారానికి గరిష్ఠం 275 డాలర్లు. 2013లో దాదాపు 7.7 కోట్ల డాలర్లు పోసి కొత్త వెబ్‌సైట్ పెట్టారు. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో అది కూలబడితే, హయాలియాలో జనం కాగితం దరఖాస్తుల కోసం లైబ్రరీ దగ్గర బారులు తీరారు. ఆ ఆగస్టులో గవర్నర్ డిశాంటిస్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, జనం విసుగెత్తి వదిలేసేలా ఆ వ్యవస్థలో అడ్డంకులు పెట్టినట్టున్నారని తానే అన్నారు. దాన్ని కట్టించింది ఆయన కంటే ముందున్న అదే పార్టీ గవర్నర్. కాలిఫోర్నియాది ఇంకో తీరు. 2020 సెప్టెంబరులో కొత్త క్లెయిములు తీసుకోవడం రెండు వారాలు ఆపేసి పాత కుప్ప సర్దుకుంది. అదే కాలంలో దొంగ పేర్లతో వేసినవాళ్లు, జైల్లో ఉన్నవాళ్లతో సహా, వందల కోట్ల డాలర్లు పట్టుకుపోయారు. నిజమైనవాళ్లు ఫోన్ లైన్ మీదే ఉన్నారు.

న్యూజెర్సీ అప్పటి గవర్నర్ మర్ఫీ ఆ ఏప్రిల్‌లో, భృతి కంప్యూటర్లను నడిపే పాత భాష కోబాల్ తెలిసినవాళ్లు వచ్చి సాయం చేయమని బహిరంగంగా అడిగారు. నాకు నవ్వు వచ్చింది, కొంచెం గర్వంగానూ అనిపించింది. వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కినవాళ్లలో ఎంతమంది ఆ రాష్ట్రంలోనే స్థిరపడలేదు!

అన్నిటికంటే ఘోరం మిషిగన్‌లో జరిగింది. 2013 నుంచి 2015 దాకా అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ మనుషుల ప్రమేయం లేకుండా మోసాలు తేల్చింది. యజమాని చెప్పినదానికీ ఉద్యోగి చెప్పినదానికీ తేడా కనిపిస్తే ప్రశ్నలు పంపేది, చాలామంది ఎప్పుడో చూడటం మానేసిన ఆన్‌లైన్ ఖాతాలకు. జవాబు రాకపోతే మోసగాడని ముద్ర. తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వాలి, దాని మీద నాలుగు రెట్లు జరిమానా, వడ్డీ. జీతాలు జప్తు చేశారు, ట్యాక్స్ రిఫండ్లు లాక్కున్నారు. తర్వాత రాష్ట్రమే తిరగేసి చూస్తే, సాఫ్ట్‌వేర్ సొంతంగా తేల్చిన కేసుల్లో 93 శాతం తప్పు. దాదాపు 40,000 మంది బలయ్యారు. ఏళ్ల తరబడి కోర్టుల్లో తిరిగాక, 2022లో రాష్ట్రం 2 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకు అదేం సరిపోతుంది? సాఫ్ట్‌వేర్ రాసి బతికే జాతిగా మనం ఈ కేసు తెలుసుకుని ఉండాలి.

అందుకే క్లెయిమ్ ఆగినప్పుడు "నాలోనే ఏదో లోపం ఉందేమో" అనుకుని ఊరుకోకూడదు. ఆ మధ్య మా ఊళ్లో ఒక తమ్ముడు, తన భార్యకు లేఆఫ్ అయితే, క్లెయిమ్ వేయించాడు. తర్వాత ఏం చేశారని అడిగాను. "పెండింగ్ అని ఉంది కదన్నా, అది తేలాక చూద్దామని మళ్లీ లాగిన్ అవలేదు" అన్నాడు. తేలింది, అర్హత ఉందన్నారు. కానీ మధ్యలో వారాలకు సర్టిఫై చేయలేదు (ఆ వారం పని లేదని, వెతుకుతున్నానని చెప్పలేదు) గనక ఆ వారాలకు డబ్బు లేదన్నారు. పెండింగ్‌లో ఉన్నా, తిరస్కరించినా, అప్పీలు నడుస్తున్నా, వారానికో రెండు వారాలకో రాష్ట్రం చెప్పినట్టు సర్టిఫై చేస్తూనే ఉండాలి. ఏ ఉద్యోగాలకు అప్లై చేశారో రాసి పెట్టుకోవాలి. ఆ వారం డోర్‌డాష్ చేసి నాలుగు డాలర్లు సంపాదించినా చెప్పాలి. మామూలుగా డబ్బు చేతికొచ్చిన వారం లెక్క కాదు, పనిచేసిన వారం లెక్క. ఇక్కడ దాచినవాళ్లే తర్వాత మోసం కేసుల్లో ఇరుక్కుంటారు.

కాదని ఉత్తరం వస్తే అప్పీలు చేయండి. దానికి గడువు టెక్సస్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 30, అది కూడా ఉత్తరం మనకు అందిన తేదీ నుంచి కాదు, వాళ్లు పోస్టు చేసిన తేదీ నుంచి. విచారణ చాలావరకు ఫోన్లోనే జరుగుతుంది, లాయరు తప్పనిసరి కాదు. లేఆఫ్ మెయిల్, ఆఖరి పే స్టబ్‌లు, సీవరెన్స్ కాగితం ముందే పంపితే సగం పని అయినట్టే. సీవరెన్స్ వస్తే భృతి ఆగుతుందా అనేది రాష్ట్రాన్ని బట్టి, ఆ కాగితంలో రాసిన మాటలను బట్టి ఉంటుంది గనక ఎవరో వాట్సాప్‌లో చెప్పింది నమ్మకండి. ఇంగ్లిషులో తడబడేవాళ్లు దుబాసీని అడగొచ్చు, దానికి డబ్బు తీసుకోరు.

ఫోన్ ఎవరూ ఎత్తకపోతే? ప్రతి తెలుగు సంఘంలోనూ కాంగ్రెస్‌మన్‌తో ఫొటో దిగిన పెద్దమనుషులు ఉంటారు. అందరూ వాళ్ల దగ్గరికే పరుగెత్తుతారు. కానీ నిరుద్యోగ భృతి నడిపేది రాష్ట్రం. మన ఏరియా స్టేట్ రిప్రజెంటేటివ్, స్టేట్ సెనేటర్ ఆఫీసులకు రాయాలి. ఆగిపోయిన క్లెయిములను కదిలించడం వాళ్ల సిబ్బందికి అలవాటైన పని. ఆ ఉత్తరంలో క్లెయిమ్ వేసిన తేదీ, ఎన్ని వారాలైందీ, 87 శాతం కొలతా రాయండి. ఏడుపు రాయనక్కర్లేదు.

ఆ కొలతను ఏ రాష్ట్రం ఎంత అందుకుందో ఫెడరల్ కార్మిక శాఖ లెక్కలు బయటపెడుతూనే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. కాలిఫోర్నియాలో వారానికి గరిష్ఠ భృతి 2005 నుంచి 450 డాలర్ల దగ్గరే ఉందన్నదీ దాపరికం కాదు. వచ్చే ఉగాది సంబరాలకు శాలువా కప్పించుకోవడానికి స్టేట్ అసెంబ్లీ అభ్యర్థి ఎవరైనా వస్తే, మన రాష్ట్రంలో నూటికి ఎంతమందికి మొదటి చెక్కు గడువులోపు అందుతోందని అడగండి. ఆయనకు తెలియకపోతే అంకె మీరే చెప్పి, అప్పుడు శాలువా కప్పండి.