పేతురు చేతిలో గాలము



మాచర్ల దగ్గర విజయపురి సౌత్‌లో వృద్ధ సహోదరుడు ఒకాయన ఉన్నారు. విశాఖ తీరం నుండి వలస వచ్చిన జాలరి. సముద్రంపై తెప్ప నడిపిన ఆయనకు కృష్ణలో పుట్టి మొదట లొంగలేదట. తెడ్డు వేస్తే ముందుకు పోక గిర్రున తిరిగేదట! ఇప్పుడు భుజం పట్టేసి వల లాగలేరు. పుట్టిని కొడుక్కిచ్చి, గట్టున కూర్చుని గాలం వేస్తున్నారు.

"వల పట్టిన చేతికి గాలమా అయ్యగారూ! అది పిల్లల ఆట" అని చిన్నబుచ్చుకున్నారు. వానపామును గుచ్చడం, బెండు మునిగేదాకా కదలకుండా ఉండడం మనవడి దగ్గర నేర్చుకుంటున్నారు. ఒకప్పుడు బుట్టెడు చేపలు. ఇప్పుడు పొద్దంతా కూర్చుంటే ఒక జెల్ల.

నేను మత్తయి 17:27 చదివి వినిపించాను. గలిలయలో వలలతో బ్రదికిన పేతురును ప్రభువు ఆ రోజు గాలం వేయమనే పంపారు. ఒక్క చేప చాలు. దాని నోట షెకెలు, మనిషికి అరషెకెలు చొప్పున ఇద్దరి దేవాలయపు పన్ను. పేతురు వలల మీద ఎన్నో ప్రసంగాలు చేశాను గాని, ఈ గాలం మీద ఒక్కటీ చేయలేదు సుమా.

ఆయన చాలాసేపు నీళ్లవైపే చూశారు.

"పేతురు ఎర ఏం పెట్టాడండీ?"

వాక్యంలో లేదన్నాను.

"రాసినాయన సుంకరి కదండీ. పన్ను లెక్క మరువలేదు, ఎర మరిచాడు" అని నవ్వి, ఇంకో వానపామును తీశారు.