మౌనముగా నిలిచిన బిడ్డలు

కేరళ రాష్ట్రమున కొట్టాయము జిల్లాలో కిడంగూరు అను ఊరు కలదు. అచ్చటి ఉన్నత పాఠశాలలో పదియవ తరగతి, తొమ్మిదవ తరగతి, అయిదవ తరగతి చదువుచున్న ముగ్గురు తోబుట్టువులు ప్రతిదినమును ఉదయపు ప్రార్థనావేళ తోడి విద్యార్థులతో పాటు వరుసలో నిలిచి, జాతీయగీతము సాగుచున్నంతసేపును మర్యాదతో కదలక మెదలక యుండి, పెదవి మాత్రము కదపక, గీతము ముగిసిన పిదప తమ తమ తరగతులకు పోవుచుండెడివారు. వారి కుటుంబము యెహోవాసాక్షులు అను క్రైస్తవ శాఖకు చెందినది. దేవునికి తప్ప అన్యమునకు స్తుతిగానము చేయరాదని ఆ శాఖవారి నమ్మకము. వారి అక్కలును అంతకు ముందు అదే బడిలో అట్లే నిలిచిరి. ఏ ఉపాధ్యాయునకు గాని, ఏ సహపాఠికి గాని అది తప్పుగా తోచలేదు.

1985 జూలైలో శాసనసభ్యుడొకరు దీనిని గమనించి సభలో ప్రశ్న లేవదీసిరి. ప్రభుత్వము విచారణకై ఒక సంఘమును నియమింపగా, ఆ బిడ్డలు క్రమశిక్షణ గలవారనియు, గీతమునకు ఎట్టి అవమానమును చేయలేదనియు ఆ సంఘమే నివేదించెను. అయినను విద్యాశాఖ అధికారి ఆదేశింపగా, జూలై 26వ తేదీన ప్రధానోపాధ్యాయురాలు వారిని బడి నుండి తొలగించెను. ప్రభుత్వ నిర్ణయము వచ్చువరకైనను తన బిడ్డలను తరగతిలో కూర్చుండనిండని తండ్రి వేడుకొనగా, తన చేతిలో ఏమియు లేదని ఆమె చెప్పెను.

ఈ మాటను మన దేశమున ప్రతి పౌరుడును ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కార్యాలయపు బల్ల ముందు నిలుచుండి వినియే యుండును. ఆ ప్రధానోపాధ్యాయురాలిని నేను నిందింపను. ఆమె మనసులో ఏమున్నదో మనకు తెలియదు. కాని పౌరహక్కుల హరణము మన కాలమున చాలవరకు ఈ తీరుననే జరుగుచున్నది: ఎవరికిని నొప్పి కలుగనిచోట ఒకరు నొప్పిని కనుగొందురు, ఆ నొప్పి ఫిర్యాదుగా మారును, ఫిర్యాదు పైకి పోయి ఉత్తరువుగా క్రిందికి దిగును, క్రింది మెట్టున నిలిచిన ఉద్యోగి తన చేతిలో ఏమియు లేదనును, ఒక బిడ్డ పుస్తకముల సంచితో ఇంటిదారి పట్టును.

తండ్రి హైకోర్టుకు పోయెను. అచ్చట ఏకసభ్య పీఠమును, పిదప ద్విసభ్య ధర్మాసనమును ఆయన వాదమును తోసిపుచ్చెను. ధర్మాసనము గీతములోని ప్రతిపదమును పరిశీలించి, ఎవరి మతభావమును నొప్పించు మాటయు అందు లేదని తేల్చెను. వినుటకు ఇది సబబుగనే తోచును. నేనును ఆ గీతమును పాడుదును. వందల గొంతులు ఒక్కటై దాని నెత్తుకొన్నప్పుడు నా ఒడలు ఇప్పటికిని గగుర్పొడుచును. అంత మధురమైన పాటను పాడుటకు ఎవరికేమి అభ్యంతరమని నాకును తోచకపోలేదు. అయితే నాకు అభ్యంతరము తోచకపోవుట ఇంకొకని అంతఃకరణమునకు తీర్పు కానేరదని 1986 ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఆ బిడ్డలలో ఒకడైన బిజో ఇమ్మాన్యుయేల్ పేరిట ప్రసిద్ధమైన ఆ తీర్పును వ్రాసినవారు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు. పీఠము మీద ఆయనతో కూర్చున్నవారు జస్టిస్ ఎం.ఎం. దత్‌గారు. ఒక మతవిశ్వాసము మన బుద్ధికి నచ్చుచున్నదా యని న్యాయస్థానము తూచరాదనియు, ఆ విశ్వాసమును వారు నిజముగా, మనఃపూర్వకముగా నమ్ముచున్నారా యని మాత్రమే చూడవలయుననియు ఆ తీర్పులోని ప్రాణప్రదమైన అంశము. తెలుగునాట పేరు గడించిన న్యాయమూర్తి కలమునుండి ఇది వెలువడుట మనకు గర్వకారణము. మన పాఠ్యపుస్తకములందు దీనికి చోటుండవలసినది.

తీర్పులో రెండవ మెట్టు ఇంకను గట్టిది. రాజ్యాంగపు 19వ అధికరణమిచ్చిన వాక్స్వాతంత్ర్యమునందు మౌనముగా నుండు హక్కును ఇమిడియున్నది. దానికి గాని, 25వ అధికరణమిచ్చిన అంతఃకరణ స్వేచ్ఛకు గాని హద్దు గీయవలెనన్న చట్టము కావలయును; శాఖాధికారి పంపిన సర్క్యులరు చట్టము కాదు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టము గీతాలాపనను బుద్ధిపూర్వకముగా అడ్డగించువానిని, పాడుచున్న సభను భంగపరచువానిని శిక్షించును గాని, నిలిచి మిన్నకున్నవానిని శిక్షింపదు. జీతముబత్తెముల కాగితమునకు గూడ నిబంధన ఏదని అడుగు మనవారు, మనిషి మనస్సాక్షిని కట్టివేయు కాగితము వచ్చినప్పుడు మాత్రము ఆ ప్రశ్న అడుగరు.

దేశైక్యమునకు ఇట్టి మినహాయింపులు చేటు కావా యని అడుగువారు కలరు. వారి భయమును నేను తేలికగా తీసికొనను. అమెరికాలో ఇదే భయము ఒక మహాన్యాయమూర్తిని దారి తప్పించినది. పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ అను బొగ్గుగనుల పట్టణమున జెండావందనము చేయని ఇదే శాఖకు చెందిన అక్కాతమ్ములను 1935లో బడినుండి వెడలగొట్టగా, 1940 జూన్ 3న ఆ దేశపు సుప్రీంకోర్టు ఎనిమిదిమంది ఒకవైపును, ఒక్కరు ఒకవైపునునై ఆ బహిష్కారమును సమర్థించెను. తీర్పు వ్రాసిన ఫ్రాంక్‌ఫర్టరు బాల్యమున వియన్నా నుండి వలసవచ్చిన యూదుడు; తనను ఆదరించిన దేశముపై ఆయనకు గల భక్తి నిష్కల్మషమైనది. ఆ తీర్పు ఫలమేమి? కొలది దినములలోనే మేన్ రాష్ట్రపు కెన్నెబంక్‌లో సాక్షుల ప్రార్థనామందిరము తగులబెట్టబడినది. పలుచోట్ల మూకలు వారిపై పడినవి. న్యాయస్థానము ఒక చిన్న సమూహమును చూపి వీరు మనవంటివారు కారని సూచించిన చాలును, వీధిలోని మూకకు అదియే అనుమతిపత్రమగును. మూడేండ్లు తిరిగిన కొలది దినములకే, 1943 జూన్ 14న, అనగా సరిగా అచ్చటి జెండాదినము నాడు, మహాయుద్ధము ఉధృతముగా సాగుచుండగనే, అదే న్యాయస్థానము ఆరుగురు ముగ్గురుగా చీలి తన తప్పును దిద్దుకొనెను. అదే కాలమున జర్మనీలో, హిట్లరునకు జేకొట్టని ఈ శాఖవారిని నిర్బంధ శిబిరములలో బంధించి, ఊదారంగు త్రికోణమును గుర్తుగా తొడిగించుచుండిరి. తమ మతమును విడిచితిమని ఒక కాగితముపై సంతకము చేసిన విడుదల చేయుదుమనిరి. ఆ సంతకము చేయక వారిలో పెక్కుమంది లోపలనే యుండిపోయిరి. ఐక్యమును బలవంతముగా సాధింపబూనిన రాజ్యము తుదకు అడుగునది ఆ సంతకమునే.

ఇక మన జాతీయగీతకర్త మాట. 1919లో రవీంద్రుడు మన మదనపల్లెలోని బీసెంట్ కళాశాలకు వచ్చి కొన్నాళ్లుండెను. ఆ గీతమును ఆయన ఆంగ్లమున మలచినది అచ్చటనే. మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి కూర్చినదియు అచ్చటనే. ఆ మహానుభావుడే 1936లో, పరప్రభుత్వపు నిర్బంధములకు ఎదురు నిలుచుటకై స్థాపింపబడిన భారత పౌరహక్కుల సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. సరోజినీ నాయుడు అందులో ఆయనకు తోడు. జాతీయగీతమును వ్రాసిన చేయియే పౌరహక్కుల సంఘమునకు పెద్దరికము వహించినదన్న ఈ సంగతిని, పాటపేరిట బిడ్డను గెంటివేయబోవువారు ఒక్కసారి తలచుకొందురు గాక.

మతస్వేచ్ఛకు హద్దు లేదని నేననుట లేదు. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యము అను హద్దులను రాజ్యాంగమే గీసినది. మతము పేరిట ఇంకొకని గుడిమెట్లు ఎక్కనీయనివానికిని, ఆడుబిడ్డ హక్కును కాలరాచువానికిని 25వ అధికరణము కవచము కారాదు. అన్యునకు హాని చేయుట వేరు, అన్యుడు చేయుచున్నదానిని తాను చేయకుండుట వేరు. ఈ రెండింటిని కలగలిపినచోటనే రాజకీయము మతమును ఆయుధముగా చేసికొనును.

పై తీర్పు వచ్చి ముప్పదియేండ్లు గడచిన పిమ్మట, 2016 నవంబరు 30న, సినిమాహాళ్లలో గీతము వినిపింపవలెననియు, అందరును లేచి నిలువవలెననియు సుప్రీంకోర్టే ఉత్తరువిచ్చెను. మరుమాసముననే తిరువనంతపురపు చలనచిత్రోత్సవమున లేవనివారిని పోలీసులు పట్టుకొనిరి. 2018 జనవరి 9న న్యాయస్థానము ఆ ఉత్తరువును సడలించి, గీతము వినిపించుటను హాలు యజమానుల ఇష్టమునకు వదలెను. గెలిచిన హక్కు కూడ కాపలా లేనిచో చేజారునని దీనివలన తెలియుచున్నది.

కిడంగూరు బిడ్డలను బడిలో తిరిగి చేర్చుకొనవలెననియు, వారి చదువునకు ఆటంకము లేకుండ వలయు వసతులు కల్పింపవలెననియు ధర్మాసనము ఆజ్ఞాపించునప్పటికి పండ్రెండు మాసములు దాటిపోయెను. పదియవ తరగతి బిడ్డకు ఒక సంవత్సరమనగా ఏమో తెలుగు తలిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. కావున ఈ వ్యాసమును చదువు ప్రధానోపాధ్యాయులకును, విద్యాశాఖ ఉద్యోగులకును నా విన్నపము: ఏ మతమునకు చెందిన బిడ్డపైనైనను ఇట్టి ఫిర్యాదు రేపు మీ బల్లపైకి వచ్చినచో, ఏ చట్టమున ఏ సెక్షను క్రింద ఈ బిడ్డను పంపివేయవలయునో వ్రాతపూర్వకముగా తెలుపుడని పైవారిని అడుగుడు, ఆ జవాబు వచ్చువరకు బిడ్డను తరగతిలోనే కూర్చుండనిండు.